పూస మూగబోయాక

1

రోజూ రాయాలని ఎస్తేరు టీచర్ షరతు పెట్టింది. అంగన్‌వాడీ శిక్షణలో చేరినవాళ్లు పిల్లలు ఏం చేశారో రాయాలి. వాళ్ల గురించి మనం ఏమనుకున్నామో రాయకూడదు.

ఈరోజు పిల్లలు ఏమీ చేయలేదు.

గనిలోని నాలుగో గ్యాలరీ సొరంగంలో పాత పంపుల గది ఖాళీ చేయించి అంగన్‌వాడీ పెట్టారు. పొద్దున్నే ఇసుక తడిపి కుప్ప పోశాను. బంకమట్టి ముద్దలు, డబ్బా మూతలు, ఉతికిన గుడ్డ పేలికలు పిల్లల చేతికి అందే ఎత్తులో సర్దాను. షిఫ్టుకు పోతూ తల్లిదండ్రులు తొమ్మిది మందిని దించి వెళ్లారు. దించినచోటే తొమ్మిది మందీ నిలబడిపోయారు. ఒక్కరూ ఏడవలేదు. ఇసుక వైపు గానీ మూతల వైపు గానీ చూడలేదు. కుడి చెవి మీద చెయ్యి పెట్టుకుని ఎదురుచూశారు.

పుట్టినప్పటి నుంచీ ఆ చెవిలో పూస ఉండేది. పైన ఎండ మనిషిని బతకనివ్వడం లేదు కాబట్టి మేం ఈ పాత బొగ్గు గనుల్లోకి దిగాం. ఇక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ పని చేస్తేనే గాలి ఆడుతుంది, నీళ్లు అందుతాయి. చీకటి గ్యాలరీల్లో పిల్లలు తప్పిపోకుండా ఉండాలని చెవిలో పూస పెట్టారు. అది తల్లి గొంతుతో మాట్లాడేది. నీకు ఆకలైంది, గిన్నె దగ్గరికి నడువు. నీకు నిద్రొచ్చింది, పండుకో. ఏ పిల్లా దారి తప్పలేదు, ఏ పిల్లా ఏడవలేదు. ఈ వేసవి మొదట్లో సూర్యుడి మీద తుఫాను లేచింది. పూసలన్నీ ఒక్కసారే మూగబోయాయి. పెద్దవాళ్లకు దీపాలు పోయాయి, వారం తర్వాత వచ్చాయి. పిల్లలకు ఆకలి పోయింది. అది ఇంకా రాలేదు.

"ఆడుకోమని చెప్పాల్నా టీచర్?" అని అడిగాను.

ఎస్తేరు టీచర్‌కు అరవై దాటాయి. మేమంతా పైన బతికిన రోజుల్లో ఆమె అంగన్‌వాడీ నడిపింది. పూసలు లేని పిల్లల్ని చూసిన టీచర్ ఇప్పుడు ఆమె ఒక్కతే.

"చెప్తే ఆడతరు. చెప్పుడు ఆపితే ఆగిపోతరు. గది పూస చేసే పనే గద జలజా. ముందు వాళ్లు కదలాలె. మనం వెనక పోవాలె."

"కదలకపోతే?"

ఆమె చీపురు తీసుకుని, ఎవరూ తొక్కని ఇసుకను ఊడ్చింది.

3

ఇంట్లో తల్లులు దగ్గర కూర్చుని చెప్పి తినిపిస్తున్నారు. వాళ్ల గొంతూ పూస గొంతూ ఒకటే కాబట్టి పిల్లలు మింగుతున్నారు. రోజుకు ఒక మాట తగ్గించమని ఎస్తేరు టీచర్ తల్లులకు నేర్పుతోంది. ముందు 'మింగు' అనడం మానేయాలి. తర్వాత 'నములు' అనడం.

మంజీరకు తల్లి లేదు. నాలుగేళ్లుంటాయి. ఈ పిల్ల పాకే వయసులో ఉండగా రెండో గ్యాలరీ పైకప్పు కూలి తల్లి భాగ్య చనిపోయింది. భాగ్యా నేనూ మైకు గదిలో కలిసి పనిచేశాం. షిఫ్టు పిలుపులు ఆమె సగం, నేను సగం చదివేవాళ్లం. ఆమె పోయాక కూడా పూస ఆమె గొంతుతోనే మాట్లాడుతూ వచ్చింది. తల్లి పోయిందని మంజీరకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఈరోజు మంజీర నోట్లో గట్క ముద్ద పెట్టాను. జొన్న నూకను మెత్తగా ఉడికించి తెచ్చాను. చల్లారిన ముద్ద బుగ్గలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం వేలితో తీసేశాను. తండ్రి ఓదెలు వచ్చి మింగమంటే మింగలేదు, అది పూస గొంతు కాదు. గొంతు నిమురుతూ చెంచాతో అంబలి పోశాడు. కొంత లోపలికి పోయింది. ఎక్కువ మెడ మీదికి కారింది.

"నిన్నటికంటే జర ఎక్కువనే పోయింది గద చెల్లె?" అన్నాడు.

నాకు అలా అనిపించలేదు. అయినా పోయిందన్నాను.

6

ఈరోజు రాయడానికి ఉంది.

ఎల్లవ్వ అనే పిల్ల నేల మీది బొగ్గుపెళ్ల తీసుకుంది. ఎవరూ తీసుకోమనలేదు. చేతిలో అటూ ఇటూ తిప్పి గోడకు ఆనించి లాగింది. నల్ల గీత పడింది. దాన్ని చూసి తన వేళ్లు చూసుకుని మళ్లీ గీసింది. నేను ముందుకు వంగాను. ఎస్తేరు టీచర్ నా మణికట్టు పట్టుకుంది.

"శెబాష్ అనకు," అంది చిన్నగా. "ఇప్పుడు గీసుకుంటున్నది తనకోసం. నువ్వు అంటే నీకోసం గీస్తది."

సాయంత్రం దాకా గీతలే. ఇంకో పిల్లాడు నీళ్ల కొళాయి కింద అరచెయ్యి పెట్టి తీశాడు. పెట్టి తీశాడు. ఎస్తేరు టీచర్ కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. అది పిల్లలు చేసింది కాదు కాబట్టి రాయకూడదేమో.

మంజీర గోడకు ఆనుకుని కూర్చుంది. నిన్నటి దాకా నిలబడేది.

7

మంజీర అంబలి మింగలేదు. గని నర్సు వచ్చి చర్మం గిల్లి చూసింది. గిల్లినచోట ముడత అలాగే నిలిచింది. ఇలా అయితే పిల్ల ఎక్కువ రోజులు బతకదని చెప్పి వెళ్లింది.

"మన పద్ధతి ఈ పిల్లకు పనిచేయదేమో టీచర్," అన్నాను.

"పని చేస్తదని నేనెప్పుడన్న?" అంది ఆమె. "నాకు తెలిసింది గిదొక్కటే. తల్లి పోయిందని తెలియని పిల్లను నేను ఎన్నడూ చూడలే."

8

ఓదెలు ఈరోజు షిఫ్టుకు పోలేదు. నన్ను పంపుల గది బయటికి పిలిచాడు. చెయ్యెత్తి గోడ పట్టుకున్నాడు.

"భాగ్య లెక్క మాట్లాడు చెల్లె."

"అన్నా, టీచర్ ఒప్పుకోదు."

"మైకుల ఎవరు చదువుతున్నరో మాకే తెల్వకపోయేది. మీ ఇద్దరి గొంతు గంత ఒక్కతీరు. నా పిల్ల సస్తుంది. ఒక్కపారి మాట్లాడు."

ఎస్తేరు టీచర్ తాగే నీళ్లకు వెళ్లింది. నేను మంజీర వెనక కూర్చున్నాను. నా మొహం కనిపించకుండా కుడి చెవి దగ్గరికి వంగి, భాగ్య మాటను కొంచెం సాగదీసి పలికినట్టే పలికాను. "మంజీరా, నీకు ఆకలైంది. నోరు తెరువు."

నోరు తెరిచింది. నమలమంటే నమిలింది. మింగమంటే మింగింది. గిన్నెడు గట్క తింది. ఓదెలు నేల మీద కూలబడి, తలపాగా గుడ్డ నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

నేను సంతోషించాను. అది దాచను.

10

మంజీర నిలబడుతోంది. నడువు అంటే నడుస్తోంది. టీచర్ బయటికి పోయినప్పుడల్లా చెబుతున్నాను. నేను మాట్లాడకపోతే కదలదు. కన్నార్పడం కూడా తక్కువే. చెప్పింది అయిపోగానే చెవి మీద చెయ్యి పెట్టుకుని తర్వాతి మాట కోసం చూస్తుంది. పూస ఉన్నప్పుడు ఉన్న మంజీరే తిరిగొచ్చింది. బతికిన మంజీర.

ఎవరికి నష్టం అనుకున్నాను. మధ్యాహ్నానికి తెలిసింది.

నా చుట్టూ పిల్లలు చేరారు. నా గొంతు వాళ్ల తల్లుల గొంతు కాదు. అయినా మాటల తీరు పూసదే. కొళాయి దగ్గరి పిల్లాడు వచ్చి నిలబడ్డాడు. ఇంకో ఇద్దరు వచ్చారు. చివరికి ఎల్లవ్వ వచ్చింది. చేతిలో బొగ్గు ఉంది. నా ముందు నిలబడింది. వేళ్లు వదులయ్యాయి, బొగ్గు కింద పడింది. చెయ్యి మెల్లగా చెవి మీదికి పోయింది.

"పో బిడ్డా, గీసుకో" అన్నాను. నోరు జారింది. ఎల్లవ్వ గోడ దగ్గరికి పోయింది, ఒక గీత గీసింది, తర్వాత ఏం చేయాలో చెప్పమన్నట్టు నా వైపు తిరిగింది.

నీళ్ల బిందెతో గుమ్మంలో ఎస్తేరు టీచర్ నిలబడి ఉంది.

11

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఎన్ని రోజుల సంది?"

చెప్పాను.

"సావనియ్యమని నేను చెప్పిన్నా నీకు?"

"లేదు టీచర్."

"నువ్వు తినిపించినవ్. మంచి పని. నీ తావుల నేనుంటే, నా గొంతు గట్ల ఉంటే, నేను గూడ చేసేదాన్నేమో. గని ఇప్పుడు నువ్వు లేకుంటే ఆ పిల్ల లేదు. నువ్వు నిద్రపోవద్దు, జ్వరం రావద్దు, ముసలిదానివి కావద్దు. అయితదా నీతోని?"

పిల్లలందరూ గోడ వెంట వరసగా నిలబడి నన్నే చూస్తున్నారు. ఇసుకలో ఒక్క చెయ్యి లేదు. ఇన్ని రోజులుగా ఆమె పడ్డ కష్టం మూడు రోజుల్లో పోయింది. అది నేనే పోగొట్టాను.

13

నేను నోరు మూసుకున్నాను. మంజీర తినడం మానేసింది.

ఎల్లవ్వ తల్లిదండ్రులు వచ్చి పిల్లను తీసుకుపోయారు. బొగ్గు గీతలు గీసినప్పుడు వాళ్లు బడికొచ్చి చూసి నవ్వారు. ఇప్పుడు తల్లి నా వైపు చూడలేదు. "ఇంట్ల కూడ చెవి పట్టుకుని నిలబడుతుంది టీచర్. మీతోని కాదు ఇగ" అని ఎస్తేరు టీచర్‌కు చెప్పింది. ఉత్తరపు గనిలో పూసలు బాగుచేస్తున్నారట. కావాలన్నవాళ్లకు పాత గొంతులతోనే తిరిగి ఇస్తున్నారట. గని కమిటీ మైకులో చెప్పింది. మైకులో చదివింది నా తర్వాత ఆ పనిలో చేరిన అమ్మాయి.

ఓదెలు గుమ్మం పట్టుకుని అడిగాడు. "నేను పోవాల్నా చెల్లె? భాగ్య గొంతు దొరుకుతది. పిల్ల తింటది."

ఎస్తేరు టీచర్ పిల్ల పెదాలు తడి గుడ్డతో అద్దుతోంది. తలెత్తలేదు. ఇంకా ఆగు అనడానికి నాకు నోరు రాలేదు. ఉత్తరపు గనికి లోపలి దారి లేదు. పొద్దు పొడవకముందే పైకెక్కినా, దారిలో ఎండ తప్పదు.

"పోయి తీసుకురా అన్నా," అన్నాను.

అతను వెళ్లాక టీచర్ అంది, "మంచిదే చెప్పినవ్. బతికుండాలె గద ముందు." అంత ఓడిపోయిన మొహం నేను ఎవరిలోనూ చూడలేదు.

14

ఓదెలు రాలేదు. మంజీర తాగలేదు. తినలేదు. ఇంకేం రాయను.

15

ఈరోజు మంజీర కూర్చోలేకపోయింది. చాప మీద కూర్చుని పిల్లను నా తొడ మీద పడుకోబెట్టుకున్నాను. పక్కన గట్క గిన్నె ఉంది. పెట్టాలనే ఆశతో కాదు, అలవాటుగా తెచ్చాను. నిన్నటి నుంచి నాకూ తిండి సహించలేదు. ఓదెలు ఎండలో ఎక్కడైనా పడిపోయాడేమో అన్న ఆలోచన తప్ప వేరే ఆలోచన లేదు.

పిల్ల తల జారి నా కడుపు మీదికి వచ్చింది. అప్పుడు నా కడుపు గుర్రుమంది.

మంజీర తలెత్తింది. తనంతట తను. చాలా మెల్లగా మళ్లీ ఆనించింది, ఈసారి కుడి చెవి. పూస ఉండే చెవి. నేను ఊపిరి బిగబట్టాను. కడుపు మళ్లీ మూలిగింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. మైకులో సరిగా వినిపించని పిలుపు కోసం జనం ఎలా నిలబడి వింటారో అలా విన్నది.

తర్వాత తన కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. తల వంచి చెవి అక్కడికి తేవాలని చూసింది. అందలేదు. మళ్లీ ప్రయత్నించి పక్కకు ఒరిగింది. నేను లేవదీయలేదు. లేవదీయాలని చేతులు కొట్టుకున్నాయి.

నా జుట్టు పట్టుకుంది. బలం లేని వేళ్లతో లాగి, నా తలను తన కడుపు మీదికి తెచ్చుకుంది. లోపల సన్నగా చప్పుడవుతోంది. నీళ్లు లేని కొళాయిలో గాలి తిరిగినట్టు ఉంది.

"ఏమంటుంది?" అంది.

మంజీర మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి. ఇక్కడ ఏ పిల్లా ఏదీ అడగగా వినడం కూడా అదే. గొంతు పొడిబారి గరగరలాడింది. భాగ్య మాటలన్నీ నా నాలుక చివరికి వచ్చాయి. నీకు ఆకలైంది మంజీరా అంటే చాలు. తింటుంది. గుమ్మంలో ఎస్తేరు టీచర్ కదలకుండా నిలబడింది. వద్దని సైగ చేయలేదు, చేయమనీ చేయలేదు.

"నాకు సమజ్ కాలే బిడ్డా," అన్నాను నా సొంత గొంతుతో. "అది నీ కడుపు. నీతోనే మాట్లాడుతుంది. ఏమంటుందో నువ్వే చెప్పాలె."

చాలాసేపు కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను, అంతకంటే ఘోరం కూడా అనుకున్నాను.

"అమ్మ లేదంటుంది," అంది.

ఎస్తేరు టీచర్ వచ్చి చాప మీద కూర్చుంది. అబద్ధం చెప్పడానికి గానీ మాట మార్చడానికి గానీ ఎవరికీ వీల్లేకపోయింది. "అవును బిడ్డా, అమ్మ లేదు," అని చెప్పాను.

అప్పుడు ఏడ్చింది. మొదట నోరే తెరుచుకుంది, చప్పుడు తర్వాత వచ్చింది. అంత చిన్న ఒంట్లోంచి అంత ఏడుపు ఎలా వచ్చిందో తెలియదు. గ్యాలరీ పొడుగునా మోగింది. పైకప్పు కూలిందనుకుని జనం టోపీ దీపాలతో పరుగెత్తుకొచ్చారు. పిల్ల ఏడుస్తోందని తెలిశాక అక్కడే నిలబడిపోయారు. వాళ్లలో చాలామంది పిల్లల ఏడుపు విని ఏళ్లయింది. మిగతా పిల్లలు చెవుల మీంచి చేతులు తీసి మంజీరను చూశారు.

ఏడ్చి ఏడ్చి వెక్కిళ్లకు దిగింది. ఎస్తేరు టీచర్ ఊరుకోమనలేదు. వీపు నిమిరింది, అంతే. చివరికి మంజీర మళ్లీ తన కడుపు మీద చెయ్యి పెట్టుకుని కొంచెంసేపు ఉంది. పక్కకు తిరిగి గట్క గిన్నెలో వేళ్లు పెట్టింది.

నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను. నేను చూస్తే నా చూపు కూడా ఆమెకు ఆజ్ఞ అవుతుందని భయమేసింది. వెనక నమిలే చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్లీ వినిపించింది. చాలాసేపటికి గిన్నె గీకిన చప్పుడు.

16

నా శిక్షణ మళ్లీ మొదటి నుంచి చేయాలని ఎస్తేరు టీచర్ చెప్పింది. సరే అన్నాను. పొద్దున ఎల్లవ్వ తల్లితో పాటు మా గుమ్మం ముందు నుంచి పోయింది. చెవిలో కొత్త పూస ఉంది. చక్కగా, దారి తప్పకుండా నడుస్తోంది. తను గీసిన గోడ వైపు తల తిప్పలేదు. నేను ఏమీ చేయలేకపోయాను. మిగిలిన పిల్లల్లో ముగ్గురు ఇంకా నా నోటి వైపే చూస్తున్నారు.

కాసేపటికి ఓదెలు వచ్చాడు. పెదాలు పగిలి, మెడ మీద చర్మం ఊడి ఉంది. దారిలో పొద్దంతా ఒక కూలిన వంతెన నీడలో పడి ఉండి, చీకటి పడ్డాకే నడిచాడట. మంజీర ఇసుకలో కూర్చుని ఉంది. ఎదురుగా ఖాళీ గిన్నె. జరిగిందంతా చెప్పాను. ఏడ్చిందని చెప్పినప్పుడు నమ్మలేదు.

పిడికిలి విప్పాడు. పూస అరచేతిలో మెరిసింది.

"ఇప్పుడు దీన్ని ఏం జెయ్యాలె టీచర్?"

"నన్నడుగుతవేంది? ఆ చెవి పిల్లది గద."

అతను పిల్ల ముందు కూర్చుని చెయ్యి చాపాడు. మంజీర పూసను చూసింది. తీసుకుంది. చెవికి ఆనించుకుంది. గది నిశ్శబ్దంగా ఉండడంతో సన్నటి గొంతు మాకూ వినిపించింది. భాగ్య గొంతు. నా దొంగ గొంతు దాని దరిదాపుల్లో లేదు. "మంజీరా, నీకు ఆకలైంది. గిన్నె దగ్గరికి నడువు."

ఎస్తేరు టీచర్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"తిన్న," అంది మంజీర.

"మంజీరా, నీకు ఆకలైంది. గిన్నె దగ్గరికి నడువు."

"తిన్న అంటున్న గద."

పూస మళ్లీ అదే చెప్పింది. మంజీర దాన్ని తీసేయలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని, అమ్మ గొంతు చాలాసేపు విన్నది. నడవలేదు. విన్నది, అంతే. ఇష్టమైనంత సేపు విని, చెవి నుంచి తీసి, మోకాళ్ల మీద లేచి తండ్రి చెవిలో పెట్టింది.

అది అతనితో ఏమన్నదో మాకు వినిపించలేదు. ఓదెలు ముందుకు వంగి నుదురు ఇసుకకు ఆనించాడు. వీపు ఎగిరెగిరి పడింది. భాగ్య పోయిన రోజు అతను ఏడవలేదు. పిల్లను ఎవరికివ్వాలో తెలియక ఎత్తుకుని తిరిగాడు.

మంజీర అతని పక్కన కూర్చుని చూసింది. భయపడలేదు. అతని తల దగ్గరికి వంగి, పగిలిన పెదాల మీద వేలు పెట్టింది. అతను లేచి కూర్చున్నాక కుడి చెవిని అతని కడుపుకు ఆనించి విన్నది.

"ఆకలైతుందా నాయినా?" అని అడిగింది.

అతను తలూపాడు. ఆమె లేచి, ఖాళీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని, ఎవరూ చెప్పకుండానే పొయ్యి వైపు నడిచింది.